ఆసే సోల్ అంటే ఎండ

సోల్ అంటే ఎండ. సోలార్‌ని గుర్తుపెట్టుకో పిన్నీ, మన బోరు మోటారుకి పెట్టిన పలకలు ఉన్నాయి చూడు, ఆ సోలారే ఈ సోలు, అంటోంది చెవిలో సాయిలక్ష్మి గొంతు. కలోర్ అంటే వేడి, క్యాలరీకి చుట్టం. ఫ్రియో అంటే చలి, ఫ్రిజ్జుకి చుట్టం. ఊమెదో అంటే తేమ, హ్యుమిడిటీకి చుట్టం. ఈ పిల్ల ప్రతి స్పానిష్ మాటకీ ఒక ఇంగ్లీషు మాటతో చుట్టరికం కలిపి మరీ చెబుతుంది, అలా చెబితే మర్చిపోరట. రెండు భాషల్లోనూ సగం మాటలు ఒకే నాయనమ్మ సంతానమట. ఆ నాయనమ్మ పేరు లాటిన్, ఎప్పుడో పోయింది, మనవళ్ళు వేరుపడి ఎవరి కొంపలో వాళ్ళు బతుకుతున్నారు, మొహాలు చూస్తే మాత్రం పోలిక తెలిసిపోతుంది, అచ్చం మన ఇంట్లోలాగే పిన్నీ, అని రికార్డు చేసిన పాఠంలో నవ్వుతుంది. ఆ నవ్వు దగ్గరికి వచ్చినప్పుడల్లా పాఠం వెనక్కి జరిపి మళ్ళీ వింటాను. అది వాళ్ళ నాన్న నవ్వు. పై పెదవి ఒక పక్కకి లాగి నవ్వుతాడు వీరబాబు బావగారు. ఆయన తమ్ముడు, నా మొగుడు ఉదయ్, అతనూ అలాగే నవ్వేవాడు. ఇప్పుడు నవ్వితే కళ్ళ చుట్టూ కాలిన చర్మం లాగుతుందని మానేశాడు.

ఎదురుగా కల్లం. ఒకే కల్లంలో అన్నదమ్ములిద్దరి మిరపకాయలు ఆరుతున్నాయి, ఇటు మావి, అటు బావగారివి, మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. ఘాటుకి ముక్కు మొద్దుబారిపోయింది, వేళ్ళ సందుల్లో మంట కూడా ఇప్పుడు మంటలా లేదు, నా వేళ్ళే అలా ఉంటాయనుకుంటున్నాను. ఆదివారం. కాయలు తిరగేసే కూలీలందరూ చర్చికి వెళ్ళారు, ప్రార్థనయ్యాక అన్నాలు తిని పొద్దు వాలాక వస్తామని వాళ్ళలో స్తుతి అనే ఆమె చెప్పి వెళ్ళింది. బావగారు కూతుర్ని బండెక్కించుకుని పొద్దున్నే గుంటూరు పోయాడు. హైదరాబాదులో స్పానిష్ కోర్సు నడిపేవాళ్ళు ఇవాళ గుంటూరులో ఒక హోటల్లో సీట్లు ఇస్తున్నారు. బావగారి మిరప కుప్ప అమ్మగానే సాయిలక్ష్మి ఆ కోర్సులో చేరుతుంది. కుప్ప బాగుంటే. బావగారి భార్య, మా అక్కకి మోకాళ్ళ నొప్పులు, ఇల్లు కదలదు. ఇక కల్లంలో ఉన్నది నేనూ, పాక నీడలో నులక మంచం మీద ఉదయ్. పాక గోడకి చేరేసి రెండు కట్టలు, మా నీలం పట్టాలు, బావగారి ఆకుపచ్చ పట్టాలు. వానొస్తే కాయల మీద కప్పడానికి. పక్కన ఇటుకలు, పట్టా ఎగిరిపోకుండా మూలల మీద పెట్టడానికి.

వియెంతో అంటే గాలి. వెంటిలేటర్‌కి చుట్టం. పొద్దుట్నుంచీ పడమటి గాలి, పొడి గాలి, కాయకి ప్రాణం లాంటి గాలి. ఇప్పుడది ఆగింది. ఆగి, కాసేపు ఏమీ లేకుండా ఉండి, వెనకనుంచి, సముద్రం వైపు నుంచి ఒక ఊపు వచ్చి నా మెడ మీద చెమటని ఆరబెట్టకుండానే చల్లబరిచింది. నేను తల తిప్పలేదు. తిప్పకుండానే తెలుసు బాపట్ల వైపు ఆకాశం ఎలా ఉంటుందో. వెనక మంచం కిర్రుమంది. గాలి తిరిగిందేంటని ఉదయ్ అడిగాడు. లేదు, మామూలుగానే ఉందన్నాను. అతను ముక్కు పైకెత్తి ఉంటాడు, నాకు తెలుసు, కళ్ళు పోయాక అతని మొహం మొత్తం ముక్కు చుట్టూ చేరింది. రోజూ నిద్ర లేవగానే ఆకాశం ఎలా ఉందని అడుగుతాడు, నేను చెబుతాను, నేను ఏ ఆకాశం చెబితే అతనికి అదే ఆకాశం. నీలంగా ఉందంటే నీలంగా ఉంటుంది. ఇంత తేలికా అని నాకు మొదట్లో భయం వేసేది.

సియెలో అంటే ఆకాశం, సెలెస్టియల్‌కి చుట్టం. నూబే అంటే మబ్బు. దీనికి తేలికైన చుట్టం దొరకలేదు పిన్నీ, ఒంటరిది పాపం, బట్టీ పట్టెయ్, అంది. పట్టాను. నేను ఐదో తరగతికి ఇంగ్లీషు చెప్పిన టీచర్ని, పిల్లలతో బట్టీ పట్టించినదాన్ని, నాకు ఒకసారి చెబితే చాలు. అది తెలిసే సాయిలక్ష్మి నా కోసం తను పనిచేసే మిర్చి ఎగుమతుల ఆఫీసులో మాట్లాడింది. మెక్సికో నుంచి ఫోన్ చేసే కొనుగోలుదార్లు ధర అడిగే ముందు మీ దగ్గర వాన పడిందా, ఎండ ఎలా ఉంది అని అడుగుతారట, వాళ్ళతో నాలుగు ముక్కలు వాళ్ళ భాషలో మాట్లాడే మనిషి కావాలట. రేపు ఫోన్లో నన్ను పరీక్ష చేస్తారు. వాతావరణం వస్తే మిగతాది నేను చూసుకుంటా పిన్నీ, అని ధైర్యం చెప్పింది. చిన్నాన్నకి కళ్ళు లేవు, పిన్నికి ఉద్యోగం లేదు, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి కదా అని ఇంట్లో అందరి ముందూ అంది. వాళ్ళ నాన్న ముందు కూడా అంది. ఆయన ప్లేట్లోకి చూస్తూ అన్నం కలుపుకున్నాడు.

కల్లంలో ఒక్కటే కట్టుబాటు. మబ్బు పట్టినప్పుడు అక్కడ ఎవరుంటే వాళ్ళు అందరి కాయలూ కప్పాలి. కొట్టుకున్నవాళ్ళవైనా, కోర్టుకెక్కినవాళ్ళవైనా కప్పాలి. ముందు ఎదుటివాడివి కప్పి తర్వాత నీవి కప్పుకో అనేవాడట మా మామగారు, ఎందుకంటే నీవి ఎలాగూ కప్పుకుంటావు. పోయినేడు ఇదే రోజుల్లో మా చిన్నమ్మ కూతురి పెళ్ళికి మేమిద్దరం గుంటూరులో ఉన్నాం. కల్యాణ మంటపం బయట నల్లగా మూసుకొచ్చింది, ఉదయ్ ఫోన్ చేశాడు. కప్పేశాన్లేరా, నువ్వు భోంచేసి రా, అన్నాడు బావగారు. ఉదయ్ పూర్ణం బూరె మళ్ళీ వేయించుకున్నాడు. తిరిగొచ్చేసరికి మా కాయలు మడుగులో తేలుతున్నాయి. మా నీలం పట్టాలు ఆయన కుప్ప మీద, ఆయన పట్టాల మీద, రెండో పొరగా ఉన్నాయి. గాలికి ఎగిరొచ్చి పడ్డాయమ్మా, నేనేం చేసేది, అన్నాడు. గాలికి ఎగిరొచ్చి పడ్డ పట్టాల మీద నాలుగు మూలలా నాలుగు ఇటుకలు ఉన్నాయి. గాలి ఎంత పద్ధతి గలదో. సాయిలక్ష్మి ఆ ఇటుకలు చూడలేదు, కాలేజీలో ఉంది, వాళ్ళ నాన్న చెప్పిన గాలినే నమ్మింది, ఇప్పటికీ నమ్ముతోంది. ఉదయ్ ఇటుకలు చూశాడు. చూసి, మా పట్టాలు మడత పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి బావగారూ నేనూ మాట్లాడుకోం. ఆయన ఏదైనా అడగాలంటే కూతురితో అడిగిస్తాడు.

చూడ్డానికి ఒకేలా ఉన్నవన్నీ చుట్టాలు కావు పిన్నీ, కొన్ని నమ్మితే ముంచుతాయి. ఇది నాలుగో పాఠంలో అంది. నాకు నేర్పాలా తల్లీ.

తడిసిన కాయ తెల్లబడి తాలైపోతుంది, పశువులు కూడా తినవు. ఆ ఏడు చేతికేమీ రాక ఉదయ్ పిడుగురాళ్ళ వెళ్ళి సున్నం బట్టీలో చేరాడు. కలోర్. సాయిలక్ష్మీ, నీ కలోర్‌కి ఇంకో చుట్టం ఉంది, నేను చెబుతాను రాసుకో. కాల్చిన సున్నపురాయికి నీళ్ళు తగిలితే కుతకుత ఉడికి చిమ్ముతుంది. ఆరుబయట రాశి పోసి ఉంది, వాన మొదలైంది, బట్టీలో అందరూ రేకుల కిందికి పరిగెత్తారు. మా ఆయన పట్టా తీసుకుని రాశి మీదికి పరిగెత్తాడు. మబ్బు పడితే ఎదుటివాడిది కప్పాలి కదా. అది ఎవరి రాశో కూడా అతనికి తెలియదు. ఆసుపత్రిలో కళ్ళకి దూది పెట్టి కట్టు కట్టి ఉంటే, నేను ఆ నీలం పట్టాల సంగతి ఎత్తానని నా చెయ్యి వెతికి పట్టుకుని, అన్నయ్యని ఏమీ అనొద్దు మాధవీ, వాడికి ఆడపిల్ల ఉంది, అన్నాడు. అప్పుడే బావగారు కొబ్బరిబోండాలు తెచ్చి మంచం కింద పెట్టి, వీడికి మొదట్నుంచీ తొందర ఎక్కువ, అని నర్సుతో అన్నాడు. నర్సు అవునన్నట్టు తలూపింది. ఆ తలూపడం నేను మర్చిపోలేదు. ఆమె మీద నాకు కోపమేమిటి, ఏ పాపమూ ఎరగదు, అయినా ఆ తల అలా పైకీ కిందికీ ఊగడం నిద్దట్లో వస్తుంది.

ఇప్పుడు తల తిప్పాను. బాపట్ల వైపు నల్లగా లేదు, ముదురు ఆకుపచ్చగా ఉంది, కుళ్ళిన దెబ్బలా. దూరంగా ఒక మెరుపు. రెలాంపగో, ల్యాంపుకి చుట్టం. చప్పుడు ఇంకా రాలేదు. చాలా వ్యవధి ఉంది. ముందు ఆయనవి, తర్వాత మావి, నింపాదిగా కప్పి, ఇటుకలు పెట్టి, చేతులు కడుక్కుని మంచినీళ్ళు తాగేంత వ్యవధి. లేచాను. ఆకుపచ్చ పట్టాల కట్ట మీద చెయ్యి వేశాను, వేడిగా ఉంది, పొద్దుటి ఎండ ఇంకా దానిలో ఉంది. అప్పుడు చేతిలో ఫోన్ టింగుమంది.

కే తియెంపో ఆసే, పిన్నీ? సాయిలక్ష్మి వాయిస్ మెసేజ్. అంటే అక్కడ వాతావరణం ఎలా ఉంది అని, వెంటనే తెలుగులో కూడా చెప్పింది, మెల్లగా, నేను కంగారు పడకుండా. ఇది మాక్ టెస్ట్ పిన్నీ, రేపు వాళ్ళు మొదట ఇదే అడుగుతారు, తెలుగులో చెబితే మార్కుల్లేవు. పైగా నాన్న అడగమంటున్నాడు, మండలం నుంచి వాన వస్తుందని మెసేజ్ వచ్చిందంట, బయల్దేరమంటే ఇప్పుడే వచ్చేస్తాం, సీటు సంగతి ఇంకో రోజు చూసుకుంటాం. వెనక స్పూన్ల చప్పుడు, ఎవరో నవ్వడం. పోయినేడు మా చిన్నమ్మ కూతురి పెళ్ళి భోజనాల్లాంటి చప్పుడు.

నాకు అన్ని మాటలూ వచ్చు. ఎస్తా నుబ్లాదో, మబ్బుగా ఉంది. వియెనె ఉనా తోర్మెంతా, గాలివాన వస్తోంది. తోర్మెంతా, టార్మెంట్, సొంత అన్నదమ్ములంత దగ్గర చుట్టాలు ఆ రెండూ. ఏది చెప్పినా పదికి పదే. సాయిలక్ష్మి మీద నాకు కోపం లేదు. ఎక్కడైనా ఉందేమోనని వెతికాను, చీరకుచ్చిళ్ళలో పడిపోయిన సూది కోసం వెతికినట్టు, లేదు. నాకు అన్నం పెట్టబోయే పిల్ల. కోపం లేకపోతే చెయ్యి ఆగుతుందనుకున్నాను. ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాను. వెనక ఉదయ్ వింటున్నాడు, వింటే విననీ, అతనికి ఈ భాష రాదు. ఆసే సోల్, అన్నాను. టీచరమ్మలా, స్పష్టంగా, చివరి ల్ పలికేలా. ఎండగా ఉంది.

జవాబు వెంటనే వచ్చింది. చప్పట్లు. పదికి పది పిన్నీ, ఉచ్చారణ కూడా అదిరింది. ఆ వెనకే, ఆపడం మర్చిపోయినట్టుంది, బావగారి గొంతు, ఏమంటందే మీ పిన్ని, అని. ఎండగా ఉందంట నాన్నా. ఆ మెసేజీలు రోజూ వచ్చేయేలే, కూర్చో, భోంచేసే పోదాం. కుర్చీ లాగిన చప్పుడు. రికార్డింగు అక్కడ అయిపోయింది. నేను దాన్ని రెండోసారి విన్నాను, చప్పట్ల దాకా కాదు, కుర్చీ దాకా.

ఇక మనసుకి పని లేదు, చేతులే. మా కాయల మీద నీలం పట్టాలు పరిచాను. దారి దాటలేదు. పాక దగ్గరికి వచ్చి ఆకుపచ్చ కట్ట విప్పి, దాన్ని కూడా తెచ్చి మా కుప్ప మీదే, నీలం మీద ఆకుపచ్చ, రెండో పొర పరిచాను. ముడతలు లేకుండా లాగాను. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టాను. కొంచెం దూరం నిలబడి చూసుకుంటే ఒక ఇటుక వంకరగా ఉంది, వెళ్ళి సరిచేశాను. అవతల బావగారి కాయలు ఆకాశం కింద ఎర్రగా, బోసిగా, ఎవరో చీర లాగేసినట్టు. మబ్బు నీడ దొంక దాటి, గట్టు దాటి వచ్చి ఆ ఎరుపు మీద పడితే అది ఒక్కసారిగా గోధుమరంగైంది. త్రుయెనో. ఉరిమింది. గ్రానీసో, వడగళ్ళు, గ్రెయిన్‌కి చుట్టం, పడతాయా, పడితే ఇంకా మంచిది. నాకు నా గుండె చప్పుడు వినపడుతుందనుకున్నాను, వినపడలేదు, ఆకలి వేసింది. పొద్దున తెచ్చిన పులిహోర గిన్నెలో మిగిలింది, పాకలో కూర్చుని తిన్నాను.

"అన్నయ్య కాయలు కప్పావా?" అన్నాడు ఉదయ్.

"కప్పాను."

యూవియా అంటే వాన. ప్లూవియల్ అని దీనికో ఇంగ్లీషు చుట్టం ఉంది కానీ ఎవరి పెళ్ళికీ రాదు పిన్నీ, అంది సాయిలక్ష్మి. మొదటి చినుకులు పాక ఆకుల మీద, తర్వాత దుమ్ము మీద, తర్వాత మొత్తం ఒక్కసారిగా. అప్పుడు నాకు తెలిసింది, ఎంత తెలివి తక్కువ దాన్నో. వానకి చప్పుడు ఉంటుంది. మా కుప్ప మీద పట్టా డప్పులా మోగుతోంది. అటు పక్క నుంచి ఆ మోత లేదు. అటు ఇంకో చప్పుడు, ఎండు కాయల మీద నీళ్ళు పడే చప్పుడు, గలగలమని, గింజలు కదిలే చప్పుడు, కాసేపటికి అది మెత్తబడి, గుడ్డ ఉతికినట్టు చపచపమని. పుట్టినప్పట్నుంచీ కల్లంలో పెరిగిన మనిషి, కళ్ళు పోయి చెవులు పదింతలైన మనిషి, మంచం మీద లేచి కూర్చున్నాడు. తల ఇటు తిప్పాడు, డప్పు. అటు తిప్పాడు, చపచప. మళ్ళీ ఇటు. నేను గిన్నె పట్టుకుని కదలకుండా ఉన్నాను. ఇప్పుడు అరుస్తాడు, తడుముకుంటూ వానలోకి పోతాడు, పోయి ఆ కుప్ప మీద పడుకుంటాడు, ఎదుటివాడిది కప్పడం తప్ప ఏమీ రాని మనిషి. వాన ఇంకా పెరిగింది. అతను నిదానంగా కాళ్ళు పైకి తీసుకుని, దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు.

"బాగా కప్పావు," అన్నాడు.

బండి వచ్చేసరికి వాన సన్నబడింది. ఇద్దరూ తలనుంచి కాళ్ళ దాకా తడిసి ఉన్నారు, మధ్యదారిలోనే వాన ఎదురొచ్చి ఉంటుంది. బండి స్టాండు కూడా వెయ్యలేదు, బురదలో పడిపోయింది. సాయిలక్ష్మి పరిగెత్తి కుప్ప దగ్గర ఆగిపోయింది. మడుగులో కాయలు, పైన తెట్టులా గింజలు. బావగారు కుప్ప చూడలేదు. ముందు మా వైపు చూశాడు. ఆకుపచ్చ మీద ఆయన చూపు నిలిచింది, అక్కడ్నుంచి ఒక మూల ఇటుక మీదికి, ఇంకో మూలకి, ఇంకో మూలకి, నాలుగూ లెక్కపెట్టి నా దగ్గరికి వచ్చింది. ఏడాది తర్వాత ఆయన మొహంలోకి చూసి మాట్లాడాను.

"గాలికి ఎగిరొచ్చి పడ్డాయి బావగారూ."

ఆయన నోరు తెరిచాడు. నా ఇటుకల మాట ఎత్తాలంటే ముందు తన పోయినేటి ఇటుకల మాట ఎత్తాలి, అదీ కూతురి ముందు. పాకలోకి చూశాడు. "ఒరేయ్ ఉదయ్, నీకన్నా తెలవలేదంట్రా, వానొస్తందని?"

"నాకేం కనపడుద్దన్నయ్యా," అన్నాడు ఉదయ్ మంచం మీదనుంచి. పై పెదవి ఒక పక్కకి లాగింది. చర్మం నొప్పి పెట్టి ఉంటుంది.

పిన్నీ, ఎండగా ఉందని పెట్టావుగా, అంది సాయిలక్ష్మి. గొంతులో తిట్టు లేదు, అడుగుతోంది అంతే. నేను నా మొహాన్ని మెల్లగా, పాఠం అప్పజెప్పలేని పిల్ల మొహంలా మార్చుకున్నాను. ముప్పై మంది పిల్లల మొహాల్లో చూశాను దాన్ని, ఎలా ఉంటుందో తెలుసు. మబ్బుకే కదమ్మా ఆ మాట, అన్నాను. సోలో నూబేనో, రెండూ కలిసిపోయాయి, దానికి చుట్టం లేదన్నావుగా. సాయిలక్ష్మి నన్నే చూసింది. ఆ చూపులో ఏదో కదిలి నా మీదికి వస్తుందని నిలబడ్డాను, అది నా దాకా రాకుండా మధ్యలోనే తిరిగి తన మీదికే పోయింది. నేనే సరిగ్గా నేర్పలేదు నాన్నా, అంది. బావగారి చెయ్యి అప్పుడు లేచింది. నా మీద లేపాల్సింది, తమ్ముడి మీద లేపాల్సింది, ఎవరి మీదా లేపలేక కూతురి చెంప మీద దిగింది. నీ భాష తగలెయ్య, రేపట్నుంచి ఆ ఫోన్ ముట్టుకుంటే చేతులిరగ్గొడతా, కోర్సు లేదు గీర్సు లేదు, అంటూ ఇంకోటి కొట్టాడు. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఒక్క మాట చాలు నేను చెప్పడానికి. తెలుగులో ఉంది, స్పానిష్‌లో ఉంది, ఇంగ్లీషులో ఉంది. నోట్లో పులిహోర రుచి ఇంకా ఉంది.

బావగారు బండి లేవదీసుకుని, స్టార్ట్ కాకపోతే నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. సాయిలక్ష్మి మోకాళ్ళ మీద కూర్చుని దోసిళ్ళతో కాయలు ఎత్తి గట్టు మీద పోయడం మొదలుపెట్టింది, అవి ఇక దేనికీ పనికిరావని తనకీ తెలుసు. నేనూ వెళ్ళి పక్కన కూర్చుని ఎత్తాను. చెంప మీద వేళ్ళు తేలాయి. పాకలో ఉదయ్ గొంతు సవరించుకున్నాడు. కాసేపటికి ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, పొద్దున పాఠంలో ఉన్న గొంతునే ఎక్కడినుంచో వెతికి తెచ్చుకుంది.

"రేపు నీ పరీక్ష ఉందిగా పిన్నీ. మొదట్నుంచి చెప్తా, కంగారు పడకు. సోల్ అంటే ఎండ. సోలార్. చెప్పు."

"సోల్," అన్నాను.

"ఇంకోసారి."

"సోల్."

"ఆఁ. ఇప్పుడు వచ్చేసింది నీకు," అంది సాయిలక్ష్మి.